కారల్లానికి కాపలా

ప్రభుత్వం వారు ఒక మొక్కను కాపాడాలని తీర్మానించుకుంటే ఆ మొక్క మాత్రం ఏం చేయగలదు? మేకైతే పరుగెత్తుతుంది. పిట్టయితే ఎగిరిపోతుంది. మొక్కకు కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. మొలిచిన చోటే నిలబడి, కాపాడేవారి చేతికి చిక్కవలసిందే.

మా పిడుగుగుండు కొండ మీది కారల్లానికి పట్టిన గతి అదే.

కారల్లం తెలియని వారి కోసం రెండు మాటలు. అది బండల సందుల్లో పెరుగుతుంది. పిడికెడు మట్టి ఉంటే చాలు. ఆకు అంటూ ఉండదు. నాలుగు పలకల కాడ, వేలంత లావు, జానెడు ఎత్తు, లోపలంతా నీరు. వానలు పడితే నిగనిగలాడుతుంది. ఎండలు ముదిరితే వడిలి, బూడిద రంగుకు తిరిగి, ఎండుపుల్లలా పడి ఉంటుంది. చచ్చిందనుకుంటాం. తొలకరి చినుకు తగలగానే లేచి కూర్చుంటుంది.

మా కొండ మీద మల్లయ్య స్వామి ఉన్నాడు. ఎప్పుడో పిడుగు పడి రెండుగా చీలిన గుండు సందులో ఆయన తనంతట తానే వెలిశాడు. కార్తీకమాసం చివరి సోమవారం ఆయనకు కారల్లం పచ్చడితో నైవేద్యం పెట్టాలి. ఆ నైవేద్యం మా ఇంటి వంతు. మా అమ్మ చేసేది. ఆమె తర్వాత నా భార్య రామతులశమ్మ చేస్తోంది. ఆ రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టదు. కొండెక్కి, తన చేత్తో కాడలు తుంచి, పలకల అంచులు గీరి, నూనెలో మగ్గబెట్టి, ఎండుమిరప, చింతపండు, వేయించిన నువ్వులు, కల్లుప్పు వేసి గుడి వెనక రోట్లో నూరుతుంది. స్వామికి పెట్టాక ఆ ప్రసాదంతోనే ఉపవాసం విడుస్తుంది.

ఆ కారల్లం స్వామి కొండ మీద పెరిగిందే కావాలి. చుట్టుపక్కల కొండల మీదా అది ఉంది గానీ పనికిరాదు. "ఆయన ఇంట్లో పండింది ఆయనకు పెట్టాల. పక్కింటి నుంచి తెచ్చి పెడితే అది నైవేద్యం కాదు, చేబదులు" అంటుంది మా ఆవిడ. ఇంకొక ఆచారం కూడా ఉంది. కాడ తుంచిన ప్రతివారూ అందులో ఒక ముక్కను ఇంకో బండ సందులో గుచ్చి రావాలి. అది అక్కడ వేరు పట్టుకుంటుంది. ఎన్ని తరాలు తుంచినా కొండ మీద కారల్లానికి కొదవ లేకపోవడానికి కారణం అదే అని నేననుకుంటాను. నేను చదివింది పదో తరగతి. బస్టాండు పక్కన పాత్రల అంగడి పెట్టుకుని బతికేవాణ్ణి. నాకు శాస్త్రం తెలియదు. తెలియని చోటల్లా అధికారులను అడుగుతూ వచ్చాను. వారు విసుక్కోకుండా జవాబులు చెప్పారు. ఆ జవాబులు విన్నాక నాకు చదువు మీద ఉన్న భయం చాలావరకు తగ్గింది.

ఆ సంవత్సరం అరుదైన మొక్కల మీద అందరికీ ఒక్కసారిగా మోజు పుట్టింది. ప్రతి జిల్లాకూ ఒక అరుదైన మొక్క ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. పక్క జిల్లాకు అప్పటికే రెండు ఉన్నాయట. మన జిల్లాకు ఒక్కటీ లేకపోవడం అభివృద్ధికి మచ్చ అని సభల్లో పెద్దలు బాధపడ్డారు. ఆ మచ్చ తుడవడానికి 'శిలాశ్రిత వృక్షజాల సంరక్షణ మండలి' వారు సహాయ సంరక్షణాధికారి కోదండపాణి గారిని మా ఊరికి పంపారు.

ఆయన వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, గొడుగు కింద కొండెక్కారు. గుడి మంటపం నీడలో కూలబడి, పూజారి బసవలింగయ్యను పిలిచారు. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"ఈ పర్వతంపై రసభరిత శిలాగుల్మం ఏదైనా కలదా?" అని అడిగారు.

బసవలింగయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"నీళ్లు పట్టుకునే మొక్కయ్యా, రాళ్లలో పెరిగేది."

"కారల్లమా సార్? మీ కాలి కిందుండాది."

కోదండపాణి గారు బూటు ఎత్తి చూశారు. ఎండుపుల్ల ఒకటి విరిగి ఉంది.

"ఇది చచ్చిపోయింది కదా."

"చావలేదు సార్. నిద్రపోతాంది. వాన పడితే లేస్తాది."

"మా సర్వేలో సజీవం, నిర్జీవం అని రెండే గడులు ఉన్నాయి. నిద్రకు గడి లేదు" అని కొండంతా పరచుకుని ఉన్న కారల్లాన్ని ఆయన నిర్జీవం కింద రాసేసుకున్నారు. స్వామి గుండు నీడలో, ఎండ సోకని చోట, ఒక గుబురు మాత్రం పచ్చగా ఉంది. దాన్ని చూడగానే ఆయన ముఖం వెలిగింది. జిల్లాకు అరుదైన మొక్క దొరికింది.

ఆషాఢంలో వానలు పడ్డాయి. కొండంతా పచ్చబడింది. అడుగు తీసి అడుగు వేస్తే కారల్లమే. అప్పటికి కొండ మొదట్లో మండలి వారి బోర్డు వెలిసింది. దానిమీద మొక్క బొమ్మ చిన్నది, అధికారుల పేర్లు పెద్దవి. కోదండపాణి గారు మళ్లీ వచ్చినప్పుడు నేను మెల్లగా అడిగాను.

"సార్, కొండంతా ఉండాది గదా. అరుదు అంటిరి?"

"చూశారా శెట్టిగారూ, బోర్డు పాతిన రెండు నెలలకే సంరక్షణ ఫలితాలు ఎలా కనబడుతున్నాయో."

"అట్లయితే ఇంక అరుదు కాదు గదా సార్."

ఆయన జాలిగా నవ్వారు. "అరుదు అనేది సంఖ్యను బట్టి కాదండీ, హోదాను బట్టి. ఒకసారి హోదా ఇచ్చాక మొక్క ఎంత పెరిగినా దాన్ని కిందికి దించడానికి నియమాలు ఒప్పుకోవు. పైకి మాత్రమే పోవచ్చు."

కొండ చుట్టూ ముళ్లకంచె లేచింది. మస్తాన్ వలి అనే కాపలాదారు ఈల మెడలో వేసుకుని వచ్చాడు. మేకలు పైకి రాకూడదు. కారల్లం తుంచకూడదు. ముక్కలు గుచ్చడం కూడా కూడదు, అది అనుమతి లేని నాట్ల కిందికి వస్తుంది.

"నాటితే పెరుగుతాది గదా సార్" అన్నాను.

"పెరుగుతుంది. కానీ అలా పెరిగింది ప్రకృతి సిద్ధం కాదు. మనం కాపాడుతున్నది ప్రకృతి సిద్ధమైన దాన్ని."

కార్తీకం దగ్గర పడింది. రామతులశమ్మ నన్ను వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వచ్చింది. నైవేద్యం సంగతి చెప్పింది. కోదండపాణి గారు శ్రద్ధగా విని, కళ్లద్దాలు సవరించుకున్నారు.

"సంరక్షిత గుల్మాన్ని భుజించడం నేరమమ్మా."

"మేము తినడానికి కాదు సార్. స్వామి తింటాడు. మిగిలింది మేము కళ్లకద్దుకుంటాం."

"అంటే ప్రథమ భోక్త స్వామివారు."

"ఆయన పెట్టకుండా మాకేం ఉండాది సార్?"

నా భార్య అన్న మాట భక్తితో అన్నది. ఆయన దాన్ని వాంగ్మూలంగా రాసుకున్నారు. వారం తిరగకుండా మల్లయ్య స్వామికి నోటీసు వచ్చింది. మస్తాన్ వలి దాన్ని గుండుకు అతికించడానికి మనసొప్పక, గర్భగుడి గడప మీద పెట్టి, చెప్పులు విడిచి, చేతులు జోడించి వెళ్లిపోయాడు. 'పైన పేర్కొన్న కొండపై నివసించు శ్రీ మల్లేశ్వరుడు, తండ్రి పేరు తెలియదు, తరతరాలుగా సంరక్షిత గుల్మమును భుజించుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినందున, తమపై చర్య ఏల తీసికొనరాదో స్వయముగా హాజరై చెప్పవలెను.'

"సార్, దేవునికి నోటీసు ఎట్లా ఇస్తారు?" అని అడిగాను.

"చట్టం దృష్టిలో దేవుడు కూడా ఒక వ్యక్తే శెట్టిగారూ. ఆయన పేర పొలాలు లేవూ? పొలం ఉన్నవాడికి బాధ్యత కూడా ఉంటుంది."

విచారణ గుడి మంటపంలోనే జరిగింది. స్వయంభువును కార్యాలయానికి తీసుకుపోవడం కుదరదని మండలి పెద్ద మనసుతో ఒప్పుకుంది. కోదండపాణి గారు కుర్చీ వేసుకుని గర్భగుడికి ఎదురుగా కూర్చున్నారు. మస్తాన్ వలి స్వామి పేరు బిగ్గరగా పిలిచాడు. గుడిలో గంట తాడు గాలికి ఊగింది.

"హాజరు" అని రాసుకున్నారు.

"అయ్యా మల్లేశ్వరా, గుల్మమును భుజించిన మాట వాస్తవమేనా?"

అందరం గర్భగుడి వైపు చూశాం. స్వామి తన అలవాటు ప్రకారం ఊరుకున్నాడు.

"మౌనం అర్ధాంగీకారం" అన్నారు కోదండపాణి గారు.

బసవలింగయ్యకు అక్కడ తెగింపు వచ్చింది. "సార్, మా సామి హాలాహలం మింగినోడు. ఆ పొద్దు ఎవురూ నోటీసు ఇయ్యలా. కారల్లానికి ఇస్తిరే."

"హాలాహలం సంరక్షిత పదార్థం కాదయ్యా."

తీర్పులో తేల్చిన విషయం ఇది. చట్ట ప్రకారం దేవుడు ఎప్పటికీ మైనరు. తెలియనితనం వల్ల చేసిన తప్పుగా భావించి ఆయనను మందలించి వదిలిపెట్టారు. పైగా కనికరించి 'కనీస నైవేద్య సదుపాయం' కల్పించారు. కార్తీకం చివరి సోమవారం ఒక కాడ మాత్రం, అదీ సంరక్షణాధికారి స్వహస్తాలతో తుంచి ఇస్తారు.

ఆ ఏడు ఆయన చేతి తొడుగులు వేసుకుని ఒక్క కాడ తుంచి ఇచ్చారు. ఒక్క కాడతో పచ్చడి నూరితే రోటికి అంటింది ఎంతో, ఆకులోకి వచ్చింది అంతే. రామతులశమ్మ దాన్ని స్వామికి పెట్టి, మిగిలిన దాంట్లో వేలికొస ముంచి నాలుకకు రాసుకుని ఉపవాసం విడిచింది. "ఈ యేటికి గడిచింది" అంది. నేనూ అలాగే అనుకున్నాను. కారల్లం మీద మండలి ప్రేమ అప్పుడే మొదలైందని మాకు తెలియదు.

కారల్లం పూస్తే వాసన బాగుండదు. ఎక్కడో ఏదో చచ్చినట్టు ఉంటుంది. ఈగలు మూగుతాయి. ఆ ఈగల వల్లే కాయ పడుతుంది. ఒకరోజు కోదండపాణి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఈ దృశ్యం చూసి నివ్వెరపోయారు. జిల్లాకు గర్వకారణమైన మొక్క మీద ఈగలు ముసిరితే వచ్చే అతిథులు ఏమనుకుంటారు? మనుషులు వచ్చి కొండంతా మందు కొట్టారు. ఈగలు పోయాయి. ఆ ఏడు ఒక్క మొక్కకూ కాయ పడలేదు. నాట్లు ఎలాగూ నేరమే.

తరువాత ఎండాకాలం వచ్చింది. కారల్లం తన మామూలు ప్రకారం వడిలి నిద్రకు ఉపక్రమించింది. సంరక్షిత గుల్మం తన పదవీకాలంలో వడిలిపోవడం కోదండపాణి గారు చూస్తూ ఊరుకోలేకపోయారు. మా ఊరికి వారానికి ఒకసారి నీళ్ల ట్యాంకరు వచ్చే రోజులవి. బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు వీధిలో కూర్చుంటే, ట్యాంకరు వాళ్ల ముందు నుంచే కొండకు పోయింది. కొండ మీద గొట్టాలు పరిచి, ప్రతి సందుకూ చుక్క చుక్కగా నీళ్లు వదిలారు.

కారల్లం నీళ్లు తాగింది. ఉబ్బింది. మెత్తబడింది. మొదట కింది భాగం నల్లబడి, తరువాత కాడంతా జారిపోయింది.

"సార్, ఎండలో దానికి నీళ్లు పోస్తే కుళ్లిపోతాది" అని చెప్పాను.

"నీళ్లు పోస్తేనే ఇలా ఉందంటే, పోయకపోతే ఏమయ్యేదో ఆలోచించండి" అని ఆయన ఇంకో ట్యాంకరుకు ఉత్తర్వు రాశారు.

కొండలో ఒక పక్క ఖాళీ అయింది. పైనుంచి ప్రత్యేక బృందం వచ్చి చూసి, మొక్క హోదాను 'అరుదు' నుంచి 'మిక్కిలి అరుదు'కు పెంచింది. మిక్కిలి అరుదైన మొక్కకు సహాయ అధికారి చాలడు కాబట్టి కోదండపాణి గారిని పూర్తి సంరక్షణాధికారిని చేసింది. జీపు పోయి కారు వచ్చింది. బోర్డు మీద ఆయన పేరు ఒక వరుస పైకి జరిగింది. పట్నంలో సన్మానం కూడా చేశారు. ఆ సభలో ఆయన తన సంరక్షణలో ఈ మొక్క అందుకున్న ఉన్నత స్థానం గురించి అరగంట చెప్పారు.

ఆ సన్మానం చూశాక నాకు ఒక సందేహం వచ్చింది. వచ్చిన సందేహాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

"మొక్కలు చచ్చేకొద్దీ మీకు హోదా పెరుగుతాంది. బతికితే ఏమవుతాది సార్?"

ఆ ప్రశ్న ఆయనకు ఎవరూ వేసినట్టు లేదు. "బతికితే సంరక్షణ అవసరం లేదని తేలుతుంది. అప్పుడు సంరక్షణ ఆగిపోతుంది. సంరక్షణ ఆగితే మొక్క చస్తుంది. అందుకని బతకడం దానికి క్షేమం కాదు" అన్నారు.

ఇంకో పక్క కూడా ఖాళీ అయ్యాక మొక్క 'అత్యంత అరుదు' అయింది. ఆయన ప్రధాన సంరక్షణాధికారి అయ్యారు. చివరకు కొండ మీద మిగిలింది గుండు నీడలోని ఆ మొదటి గుబురు ఒక్కటే. దాని మీద పచ్చటి వల కట్టి, చుట్టూ కుర్చీలు వేసి, మస్తాన్ వలిని పగలూ రేయీ కూర్చోబెట్టారు. ఎండ తగలకుండా తెర దించారు. గాలి తగలకుండా తలుపు పెట్టారు. అభిషేకం నీళ్లు అటు పారితే మలినమవుతుందని స్వామికి అభిషేకం కూడా గరిటెడుకు కుదించారు. ఆ గుబురుకు మాత్రం పొద్దునా సాయంత్రమూ నీళ్లు తప్పలేదు.

రామతులశమ్మ ప్రతి సోమవారం కొండెక్కి, కుర్చీల ఇవతల నిలబడి, వల సందుల్లోంచి దాన్ని చూసి వచ్చేది. "అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన నైవేద్యం. నా చేతిలో తెగిపోతాదేమో" అనేది. నేను ధైర్యం చెప్పేవాణ్ణి. ఆ ధైర్యాన్ని ఆమె నాకే వదిలేసేది.

ఆశ్వయుజంలో ఒక సోమవారం ఆమె త్వరగా తిరిగి వచ్చింది. అంగడి ముందు మెట్టు మీద కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం లేదు. వల ఉండాది. కుర్చీలుండాయి. మస్తాన్ వలి ఉండాడు. కారల్లం లేదు."

నేను పైకి పోయి చూశాను. తెర కింద తడి బండ. దాని మీద నల్లటి జిగట మరక. మస్తాన్ వలి కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"ఏం మస్తానూ, ఎవరికి కాపలా?"

"లేనిదానికి కాపలా చాలా తేలిక పెద్దయ్యా. మేకలు కూడా రావు" అన్నాడు.

ఇక కోదండపాణి గారి పరిస్థితి చూడాలి. అరుదైన మొక్కకు అధికారి ఉంటాడు. లేని మొక్కకు ఉండడు. మొక్క అంతరించిందని రాస్తే మండలి కార్యాలయం, కారు, బోర్డు, అన్నీ దానితోపాటే అంతరిస్తాయి. రెండు రోజులు ఆయన ఎవరికీ కనబడలేదు. మూడో రోజు కార్యాలయం గోడ మీద ప్రకటన అంటించారు. 'రసభరిత శిలాగుల్మము అరుదుతనంలో పరాకాష్ఠకు చేరుకొని, సామాన్య దృష్టికి గోచరము కాని దశలో ప్రవేశించినది. గోచరము కాకపోవుట లేకపోవుట కాదు. లేదని ప్రచారము చేయువారు శిక్షార్హులు.' మొక్క హోదా 'పరమ అరుదు' అయింది.

నేను పోయి అడిగాను. "సార్, అక్కడ ఏమీ లేదు గదా."

"మీరు భక్తులు, మీరే ఇలా అంటే ఎలా శెట్టిగారూ? దేవుడు మీ కళ్లకు కనబడుతున్నాడా? ఉన్నాడని నమ్మడం లేదూ?"

"నమ్ముతాం సార్. మేమూ ఆయన నెత్తిన రోజూ నీళ్లు పోస్తాం. ఆయన కుళ్లిపోలేదు."

ఆయన ఫ్యాను వేగం పెంచుకున్నారు.

మండలి అధ్యక్షుల వారు ఈ పరాకాష్ఠను స్వయంగా చూసి అభినందించడానికి వస్తున్నారని కబురు వచ్చింది. ముహూర్తం కార్తీకమాసం చివరి సోమవారం. కనీస నైవేద్య సదుపాయం కూడా ఆయన సమక్షంలోనే జరిగితే మండలికి భక్తి ఉందని లోకానికి తెలుస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. మస్తాన్ వలి మా ఇంటికి వచ్చి చెప్పాడు. "అమ్మా, రోలు కడిగి పెట్టుకోమన్నారు. సారు కాడ తుంచి ఇస్తారంట."

"దేన్ని తుంచి?" అంది రామతులశమ్మ.

మస్తాన్ వలి నేల చూశాడు. "నన్నడగొద్దమ్మా. నాకు పిల్లోళ్లుండారు."

ఆమె ఆ సోమవారం ఎప్పటిలాగే తలస్నానం చేసి, మంచినీళ్లు ముట్టకుండా కొండెక్కింది. మిరపకాయలు తేలేదు, నువ్వులు తేలేదు. శుభ్రంగా తుడిచిన ఒక మోదుగ విస్తరాకు మాత్రం తెచ్చింది. కారల్లం లేకుండా ఏది నూరినా అది పచ్చడి కాదు, అబద్ధం అని ఆమె లెక్క.

అధ్యక్షుల వారు వచ్చారు. పెద్ద మనిషి, పట్టుపంచె, నుదుట విభూతి. గౌరవ సూచకంగా వల దగ్గర తల వంచి నిలబడ్డారు. లోపలికి తొంగి చూశారు. చాలాసేపు చూశారు. తరువాత "అద్భుతం" అన్నారు. వెనక ఉన్నవారంతా అద్భుతం అన్నారు.

కోదండపాణి గారు చేతి తొడుగులు వేసుకుని తెర లోపలికి వెళ్లారు. వంగారు. ఏదో తుంచినట్టు చేయి కదిలించారు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పట్టుకుని, జారిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా బయటికి వచ్చారు. నా భార్య పట్టుకున్న విస్తరాకు మీద వేళ్లు విడిచారు. ఫోటోలు తీశారు.

రామతులశమ్మ ఆకులోకి చూసింది. ఆయన ముఖం చూసింది.

"సార్, ఇది ఉందని మీరు అంటాండారు. మీ పెద్దసారు ముందర అంటిరి, ఊళ్లో అంటిరి. బాగుంది. స్వామి ముందర కూడా మీరే అనండి. నా చేత్తో మాత్రం నేను పెట్టను." ఆకు ఆయన చేతికి ఇచ్చింది.

ఒక్క క్షణం ఆయన ఆ ఆకులోకి చూశారు. ఇంతమందిలో ఆ మనిషికి ఆ ఒక్క క్షణం ఏదో గుర్తొచ్చి ఉండాలి. ఆ ఆకును పక్కన పెట్టి 'లేదు సార్' అంటే చాలు. అంటాడేమో అని నేను చూశాను. బసవలింగయ్య కూడా చూశాడు. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. కోదండపాణి గారు తొడుగులు తీసేసి, గడప దాటి, ఖాళీ ఆకును మల్లయ్య ముందు పెట్టి దణ్ణం పెట్టారు.

"పచ్చడి నూరాల గదా సార్?" అని మస్తాన్ వలి అమాయకంగా అడిగాడు.

"మూలరూపంలోనే నివేదన" అన్నారు కోదండపాణి గారు.

గంట కొట్టారు. హారతి అయింది. అధ్యక్షుల వారు చేయి చాపి, "ప్రసాదం" అన్నారు. బసవలింగయ్య కదలలేదు. కోదండపాణి గారే ఆకులోంచి రెండు వేళ్లతో తీసి ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. కోదండపాణి గారూ వేసుకున్నారు. వెనక ఉన్న అధికారులు వరుసగా చేతులు చాపి, కళ్లకద్దుకుని నమిలారు. కొందరు చాలాసేపు నమిలారు.

అధ్యక్షుల వారు నాలుక చప్పరించి, ఆలోచించి, "చాలా బాగుంది గానీ, కాస్త ఉప్పు తగ్గింది" అన్నారు.

"తగ్గిందండీ. నాకూ అనిపించింది" అన్నారు కోదండపాణి గారు.

మస్తాన్ వలికి ఆ క్షణంలో విధి గుర్తొచ్చింది. పాపం, అతనికి నేర్పింది అది ఒక్కటే. ఈల నోట్లో పెట్టుకుని, "సార్, తినకూడదు గదా. అందరూ తినేసినారు" అన్నాడు. అతన్ని ఆ సాయంత్రమే ఇంకో కొండకు బదిలీ చేశారు. అక్కడ ఏం కాపలా కాయాలో ఇంకా నిర్ణయం కాలేదట.

అందరూ దిగిపోయాక రామతులశమ్మ గర్భగుడి గడప దగ్గర కూర్చుంది. ఆకును తీసి బయట పారేసింది. అది పెట్టిన చోట నీళ్లు చల్లి, కొంగుతో తుడిచింది. అత్తగారు చెప్పిన మంత్రాలేవీ చదవలేదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఈ యేడు నీకూ నాకూ ఉపవాసమే సామీ. వాళ్లు తిన్నది నేను పెట్టింది కాదు."

నేను చేయి పట్టుకుని లేపాను. మెట్లు దిగుతుంటే ఆమె రెండుసార్లు కూర్చుంది. కంచె దగ్గర రంగులు వేసేవాడు నిచ్చెన ఎక్కి, బోర్డు మీద కోదండపాణి గారి పేరు ముందు కొత్త హోదా రాస్తున్నాడు.

ఆ పక్కన షామియానా కింద మండలి వారు భోజనాలకు కూర్చున్నారు. వరుసగా అరిటాకులు వేసి ఉన్నాయి. వడ్డించేవాళ్లు గరిటెలతో అటూ ఇటూ పరుగులు తీస్తున్నారు. నడుస్తూ నడుస్తూ ఆ ఆకుల్లోకి చూశాను. ఒక్క ఆకులో కూడా కంటికి కనబడనిది ఏదీ వడ్డించలేదు.